గుర్రమెక్కిన సవతి

నేను ఒక సవతిని. నవ్వండి, మొహమాటపడకండి. నన్ను చూసి నవ్వినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో సగంమంది ఇప్పుడు మట్టిలో ఉన్నారు, నేను మాత్రం యానాంలో వరహాలమ్మ మెడలో నిగనిగలాడుతూ ఉన్నాను.

పుట్టడం మాత్రం నాణెంగానే పుట్టాను. మేలిమి బంగారు నాణెం. ఆరు వందల ఏళ్ళకు పైమాటే, ఫ్రాన్సు దేశంలో. పాత నాణేలు కూడబెట్టే పెద్దమనుషులు నన్ను చూస్తే ముందు లొట్టలు వేస్తారు. తరవాత నా నెత్తినున్న రింగు చూసి, “అయ్యయ్యో, పాడు చేశారే!” అని నాలుక చప్పరిస్తారు. ఈ కథ వాళ్ళకోసమే చెబుతున్నాను. పాడయ్యానో బాగుపడ్డానో విన్నాక మాట్లాడండి.

అప్పట్లో మా రాజు ఒక యుద్ధంలో ఓడిపోయి ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కాడు. ఆయన్ను వదలాలంటే బంగారం కుప్ప పోయమన్నారు. యుద్ధానికి ఎగబడింది రాజు, ఓడింది రాజు, దొరికిపోయింది రాజు. ఇచ్చుకోవలసి వచ్చింది మాత్రం ఉప్పు కొనుక్కుని గంజి తాగేవాళ్ళు. అలా పన్నులు పిండిన సొమ్ముతో మమ్మల్ని అచ్చు వేశారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, నడుమ నేను, నెత్తిన సమ్మెట. కళ్ళు తెరిచేసరికి నా ఒంటి మీద ఆ రాజే ఉన్నాడు. తల మీద కిరీటం, ఒంటినిండా పువ్వుల అంగీ, చేతిలో ఎత్తిన కత్తి, కింద దౌడు తీస్తున్న గుర్రం. ఓడి చెరలో కూర్చుని వచ్చినవాణ్ణి గెలిచి ఊరేగుతున్నట్టు చెక్కారండీ! మనుషులకు సిగ్గు తక్కువని నాకు పుట్టినరోజే తెలిసిపోయింది.

నాకు ‘ఫ్రాంక్’ అని పేరు పెట్టారు. ఆ మాటకు వాళ్ళ భాషలో చెర లేనివాడు, స్వేచ్ఛ గలవాడు అని అర్థం. రాజు విడుదలయ్యాడు కదా, ఆ సంబరం. తీరా చూస్తే, పూచీగా అక్కడ ఉంచిన కొడుకు పారిపోయాడని, పరువు కోసం ఆ రాజు తనంతట తానే తిరిగి వెళ్ళి ఆ పరాయి దేశంలోనే కన్నుమూశాడు. ఏ పనికోసం పుట్టానో ఆ పని బూడిదలో పోసిన పన్నీరైంది. ఆ కడుపుమంట నాకు చాలా కాలం ఉండేది.

తరవాత కొన్ని వందల ఏళ్ళు నేను చేసిందేమీ లేదు. దాక్కున్నాను. ఒక పిండిమర యజమాని నన్ను గోడలో పెట్టి, పెట్టిన చోటు పెళ్ళానికి చెప్పకుండానే పోయాడు. గోడ కూలాక దొరికించుకున్నవాడు దొంగలకు భయపడి నేలలో పాతాడు. బంగారమంటే మనుషులకు అంత ప్రేమ. ప్రేమించిన దాన్ని చీకట్లో పూడ్చిపెడితే గానీ వాళ్ళకు నిద్రపట్టదు. చివరికి ఒక ఓడ కళాసీ నన్ను తన కోటు అంచులో పెట్టి కుట్టుకుని సముద్రమెక్కాడు. ఆ ఓడ యానాం వచ్చింది.

యానాం తెలుసుగా? గోదావరి పాయ ఒడ్డున ఫ్రెంచివాళ్ళ జెండా ఎగిరిన చిన్న ఊరు. చుట్టూరా ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, నడుమ ఈ ముక్క. అంత దూరం వచ్చినా ఇంగ్లీషువాళ్ళ మధ్య ఇరుక్కున్న ఫ్రెంచి ముక్కే నాకు రాసిపెట్టి ఉంది చూడండి! కళాసీ జ్వరంతో పడిపోతే, పడవలకు తెరచాప గుడ్డ అమ్మే ఒక ఇంటివాళ్ళు అతనికి గంజి పోసి బతికించారు. ఓడెక్కబోయే ముందు అతను కోటు అంచు విప్పి నన్ను వాళ్ళ చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఆ ఇంటి భోషాణంలో తరతరాలుగా పడి ఉన్నాను. ‘దొర కాసు’ అని నాకో పేరు. పుస్తకాలు రాసేవాళ్ళు నా చరిత్రను ఇక్కడికి ఆపేస్తారు. అక్కడే వాళ్ళ తెలివి తెల్లారింది. నేను బతకడం మొదలుపెట్టింది దీని తరవాతే.

ఆ ఇంటి వంశంలో పెరుమాళ్ళు అని ఒకడు తెరచాప గుడ్డల దుకాణం నడిపే రోజులు. అతని మొదటి భార్య అచ్చియమ్మ మగపిల్లవాణ్ణి కని, పురిటి మంచం మీదే పోయింది. కాకినాడ వెళ్ళి ఇద్దరూ ఒక ఫొటో తీయించుకుందామని అనుకుంటూనే ఉన్నారట. ఆ అనుకోవడం అనుకోవడంగానే మిగిలింది. పసివాడికి తల్లి కావాలని, ఏడాది తిరక్కుండానే పెరుమాళ్ళుకు వరహాలమ్మను ఇచ్చి చేయడానికి కుదుర్చుకున్నారు.

రెండో భార్యగా వచ్చిన ఆడది మెడలో సవతి తాళి వేసుకోవాలి. పోయిన మొదటి భార్య బొమ్మ ఉండే బంగారు బిళ్ళ అది. కొత్త కోక కట్టుకున్నా, పూలు పెట్టుకున్నా ముందు ఆ బిళ్ళకు చూపించి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తరవాతే తను ముట్టుకోవాలి. లేకపోతే పోయినావిడ అలిగి కొంప మీదికి వస్తుందని భయం. బతికున్నన్నాళ్ళూ ఒక్క మంచి కోక కొనిపెట్టని మొగుళ్ళు కూడా, చచ్చాక మాత్రం పెళ్ళాం అలకకు గడగడ వణుకుతారు.

ముహూర్తం ముంచుకొచ్చింది, బిళ్ళ చేయించడం అందరూ మరిచారు. పెరుమాళ్ళు తల్లి మంగాయమ్మ భోషాణం తీసి నన్ను బయటికి లాగింది. ఆవిడకు చూపు కొంచెం తక్కువ, మాట కొంచెం ఎక్కువ. నన్ను కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పింది.

“కొత్తగా చేయించేదేంట్రా? ఇది అచ్చం మన అచ్చియమ్మే! కిరీటం పెట్టుకుంది, పూల కోక కట్టుకుంది, చేతిలో అట్లకాడ పట్టుకుంది చూడు,” అంది.

అట్లకాడట! రాజుగారి కత్తి!

“మరి ఆ గుర్రమేంటే అమ్మా?” అన్నాడు పెరుమాళ్ళు బెరుగ్గా.

“ఒరే, అది పసుపు కుంకాలతో పోయిందిరా. అమ్మవారిలో కలిసిపోయింది. అమ్మవారికి వాహనం ఉండదేంట్రా? ఇదిగో, వెనకాల ముగ్గు కూడా ఉంది!”

వెనకాల ఉన్నది శిలువ, దాని చుట్టూ లతలూ ఆకులూ. ఆవిడ చెప్పాక నాకూ ముగ్గులాగే కనబడింది. మంగాయమ్మకు ఎదురు చెప్పే మొనగాడు ఆ ఇంట్లో లేడు. కంసాలి వచ్చి నా నెత్తిన చిన్న బంగారు రింగు పెట్టి టంకం వేసి అతికాడు. ఆ మంట తగిలినప్పుడు కుయ్యోమన్నాను, ఎవరికి వినపడుతుంది? అలా ఫ్రాన్సు మహారాజు యానాంలో తెరచాపల పెరుమాళ్ళుకు పెద్ద పెళ్ళామయ్యాడు.

వరహా అంటేనే బంగారు కాసు. వరహాలమ్మ మెడలో నేను పడ్డాను. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. పసుపు, చెమట, వంటింటి పొగ, పులుసు చిందులు. రాజుల ఖజానా కోసం పుట్టినదాన్ని, నాకీ ఖర్మేమిటని సణుక్కున్నాను. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. అంతకుముందు నన్ను దాచుకున్నవాళ్ళున్నారు, పంటితో కొరికి చూసినవాళ్ళున్నారు, నాకోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళున్నారు. నాతో మాట్లాడినవాళ్ళు ఒక్కళ్ళు లేరు. వరహాలమ్మ మాట్లాడేది.

“అక్కా, మనాయన ఇవాళ కూడా పులుసులో ఉప్పు లేదన్నాడే. నీతోనూ ఇలాగే అనేవాడా?” అనేది. “అక్కా, నీ కొడుకు ఇవాళ ఒక ముద్ద ఎక్కువ తిన్నాడే,” అనేది. అత్తగారి మీద చాడీలు చెప్పేది. తనకు కడుపు పండలేదన్న సంగతి కూడా నాకే చెప్పుకుంది, ఇంకెవరికీ చెప్పలేదు. మాట్లాడినంతసేపూ బొటనవేలితో నా ముఖం రుద్దుతూనే ఉండేది. ఏళ్ళు గడిచేకొద్దీ రాజుగారి ముక్కూ మూతీ అరిగిపోయి నున్నగా అయిపోయాయి. పోతే పోనిద్దురూ! ఆ ముఖం పెట్టుకుని ఆయన వెలగబెట్టిందేముంది గనుక?

అచ్చియమ్మ కన్న పిల్లవాడి పేరు భావనారాయణ. ప్రతి శుక్రవారం వాడికి తలంటిపోసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, నన్ను చేతిలోకి తీసుకుని, “ఇదిగోరా నారాణా, మీ అమ్మ. దణ్ణం పెట్టుకో,” అనేది. వాడు దణ్ణం పెట్టి, నన్ను ముద్దు పెట్టుకునేవాడు. నా ఒంటినిండా పసుపు, వాడి మూతికీ పసుపు. జ్వరం వస్తే నన్ను వాడి నుదుటి మీద ఆనించి కూర్చునేది. “అమ్మ చెయ్యి చల్లగా ఉంది పిన్నీ,” అనేవాడు. చెప్పొద్దూ, అప్పటికి నేనూ నమ్మేశాను. ఆ పిల్లవాడికి నేను అమ్మనే. ఎవరొచ్చి కాదంటారో చూద్దామన్నంత పట్టుదలగా నమ్మాను.

వచ్చారు. బడిలో ఒకరోజు ఫ్రెంచి పంతులు చరిత్ర పుస్తకం తెరిచి, అందులో ఒక నాణెం బొమ్మ చూపించి, “ఇదెవరో చెప్పగలరా?” అని అడిగాడు. అది నా తోబుట్టువు బొమ్మ, అదే అచ్చులో పుట్టినది. తరగతిలో ఎవరికీ తెలియలేదు. భావనారాయణ లేచి నిలబడ్డాడు. ఛాతీ పొంగించి, “మా అమ్మండీ!” అన్నాడు.

తరగతి విరగబడి నవ్వింది. పంతులు కూడా నవ్వాడు. అది ఫలానా రాజు, కింద ఉన్నది గుర్రం, చేతిలో ఉన్నది కత్తి అని అన్నీ విడమర్చి చెప్పి మరీ నవ్వాడు. ఆ రోజునుంచి వాడికి ‘గుర్రమ్మ కొడుకు’ అని పేరు పడింది. ఈ సంగతి నాకెలా తెలిసిందంటారా? చెబుతాను, తొందరేముంది?

వాడు ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. ఆ శుక్రవారం దణ్ణం పెట్టుకోమంటే లేచి వెళ్ళిపోయాడు. తరవాత మళ్ళీ నన్ను ముట్టుకోలేదు. వరహాలమ్మ బలవంతపెట్టలేదు. వాడి వంతు దణ్ణం కూడా తనే పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

ఫ్రెంచివాళ్ళు జెండా దించుకుని వెళ్ళిపోయారు. భావనారాయణ పెద్దవాడై, చదువుకుని, తనే కాలేజీలో ఫ్రెంచి పంతులయ్యాడు. ఊరందరికీ మాస్టారు, నాకు మాత్రం వాడు వాడే. పెళ్ళి చేసుకోలేదు. పాత ఫ్రెంచి బంగారు నాణేలను కట్టుకున్నాడు. పొలం అమ్మి, పాండిచ్చేరి తిరిగి, పారిస్‌కు ఉత్తరాలు రాసి, ఒక్కొక్కటే తెప్పించుకున్నాడు. గొర్రెపిల్ల బొమ్మ ఉన్నది ఒకటి, డాలు ఉన్నది ఒకటి, సింహాసనమెక్కిన రాజున్నది ఒకటి. అన్నీ మా కాలంవే. ఒక్కొక్కదానికి బిగుతైన ప్లాస్టిక్ డబ్బీ, డబ్బీ పెట్టడానికి మఖమల్ పెట్టెలో ఒక్కో గుంట. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుంటే గానీ డబ్బీ కూడా ముట్టుకోడు. అన్నం తినే చేతికి లేని మర్యాద! నడిమధ్య గుంట ఒక్కటి ఖాళీగా ఉండేది. అది నాకోసమట.

తనను చూసి తరగతి నవ్వడానికి కారణమైన రాజుల్ని వాడు ఒక్కొక్కణ్ణే పట్టి తెచ్చి, మూతలు బిగించి జైల్లో వేస్తున్నాడని నాకు అనిపించేది. దానికి వాడు పెట్టుకున్న పేరు ప్రేమ. పోనీ, అదే అనుకుందాం.

“పిన్నీ, అది నాకిచ్చెయ్యి. దానికి రెండింతల బంగారం పెట్టి గొలుసు చేయిస్తాను,” అనేవాడు.

“గొలుసుకి పసుపు రాసి అక్కా అని పిలవమంటావా?” అనేది వరహాలమ్మ కూరగాయలు తరుగుతూ.

“అది మా అమ్మ కాదు పిన్నీ! ఎన్నిసార్లు చెప్పాలి? ఫ్రెంచి రాజు! మగాడు!”

“నీకు రాజు, నాకు అక్క. మెడ నాది. చల్లారిపోతోంది, అన్నం తిను.”

పెరుమాళ్ళు పోయాడు. పదో రోజున ఇంటి పెద్ద ఆడవాళ్ళు వరహాలమ్మ చుట్టూ చేరారు. గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు, తాళి తీశారు. ఆవిడ నోరెత్తలేదు. ఒక ముసలావిడ చెయ్యి నా మీదికి వచ్చింది. వరహాలమ్మ ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది.

“చెయ్యి తియ్యండి.”

“అదేంటమ్మా! మొగుడు పోయాక మెడలో ఏదీ ఉండకూడదు.”

“నా మొగుడు పోయాడు, నా తాళి తీశారు. దాంతో సరి. ఇది మా అక్క. ఆవిడ ఆయనకంటే ముందే పసుపు కుంకాలతో వెళ్ళిపోయింది. పుణ్యస్త్రీ. పుణ్యస్త్రీకి వైధవ్యం ఎక్కడిదండీ? ఏ శాస్త్రంలో ఉందో చూపించండి, ఇప్పుడే తీసిచ్చేస్తాను.”

అందరూ పురోహితుడి వంక చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఆయ్, ఆవిడ చెప్పిందాంట్లో... తప్పు లేదండీ,” అని గొణిగి, దర్భలు వెతుక్కోవడంలో పడ్డాడు. ముసలావిడ చెయ్యి వెనక్కి పోయింది. నేను చాలా కోటలు చూశాను గానీ అంత గట్టి గోడ ఎక్కడా చూడలేదు.

ఆ తరవాత కూడా ప్రతి శుక్రవారం నాకు పసుపూ కుంకుమా నడిచాయి. “విధవ ముండవి, కుంకం ముట్టుకుంటావేమే?” అని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకుంటే, “నేను పెట్టుకుంటున్నానా? అక్కకి పెడుతున్నాను,” అనేది. నాకు పెట్టాక వేలికి మిగిలింది మాత్రం, చెమట తుడుచుకున్నట్టు, నుదుటి దగ్గర అలా తుడిచేసుకునేది. అది చూసి ఎవరైనా అడిగితే చెమట అనేది. మహా సాహసవంతులమని రాజులు నా మీద బొమ్మలు వేయించుకుంటారు. సాహసమంటే ఏమిటో వాళ్ళు ఆ నుదురు చూసి నేర్చుకోవలసింది.

వయసు మీద పడ్డాక వరహాలమ్మకు కడుపులో రాళ్ళని చెప్పి కాకినాడ ఆస్పత్రిలో చేర్చారు. కోత కోయాలన్నారు. నర్సు వచ్చి ఒంటి మీద లోహం ఉండకూడదంది. వరహాలమ్మ దారం విప్పి, నన్ను చిటికెడు పసుపుతో దూదిలో చుట్టి భావనారాయణ చేతిలో పెట్టింది.

“నారాణా, మీ అమ్మని నీ చేతిలో పెట్టి లోపలికి పోతున్నాను. నేను లేచి వచ్చానా, నాకియ్యి. రాలేదా, నీ దగ్గరే ఉంటుంది. చేత్తో ముట్టుకో నాన్నా, కరిచెయ్యదు,” అంది. వాడు తలూపాడు.

ఆవిడను లోపలికి తీసుకెళ్ళారు. కోత బాగానే జరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు. కుదుటపడేదాకా అక్కడే ఉంచుకుంటామన్నారు. ఆ మాట విన్నాక భావనారాయణ నన్ను జేబులో వేసుకుని ఎక్కడికి వెళ్ళాడనుకున్నారు? బంగారు కొట్టు వీధికి. అక్కడ నాగలింగాచారి అనే కంసాలి ముందు నన్ను పెట్టి, “ఈ రింగు కోసెయ్యండి. అంచు తగలకూడదు,” అన్నాడు.

రంపం తీగ పెట్టి కోశారు. ఆకురాయి పెట్టి రాశారు. ఇంటికి తెచ్చి, గోరువెచ్చటి నీళ్ళలో వేసి, గుర్రం కాళ్ళ సందుల్లో, పువ్వుల అంగీ మడతల్లో ఇరుక్కున్న పసుపంతా పుల్లకు దూది చుట్టి తీశాడు. అది ఎన్నేళ్ళ పసుపనుకుంటున్నారు? ఎన్ని శుక్రవారాలు, ఎన్ని చాడీలు, ఎన్ని కన్నీళ్ళు! నీళ్ళు పచ్చగా అయ్యాయి. వాడు ఆ నీళ్ళు తీసుకెళ్ళి తూములో పోశాడు. ఆ క్షణాన నాకు నిజంగా కత్తి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

నన్ను డబ్బీలో పెట్టి మూత బిగించి, నడిమధ్య గుంటలో పెట్టాడు. చుట్టూ ఉన్న నాణేలు నన్ను ఎగాదిగా చూశాయి. గొర్రెపిల్ల నాణెం మహా శుచి గలది. “నీ ఒంటి మీద వేలిముద్రలున్నాయి,” అంది.

“ఉన్నాయి. నీ మీద లేవుగా పాపం,” అన్నాను.

“నేను పుట్టినప్పుడు ఎలా ఉన్నానో ఇప్పుడూ అలాగే ఉన్నాను.”

“అయితే ఇంకా పుట్టలేదన్నమాట,” అన్నాను.

భావనారాయణ భూతద్దం పట్టుకుని వంగాడు. ఇన్నేళ్ళ కోరిక, పెట్టె నిండింది. వాడి ముఖంలో మాత్రం వెలుగు రాలేదు. పుస్తకం తెచ్చి అందులో బొమ్మ చూశాడు, నన్ను చూశాడు. పుస్తకంలో రాజుకు కళ్ళూ ముక్కూ ఉన్నాయి. నాకు ముఖం ఉండవలసిన చోట నున్నటి పల్లం ఉంది, సరిగ్గా ఒక ఆడమనిషి బొటనవేలు పట్టేంత. వాడు భూతద్దం కింద పెట్టేశాడు.

ఆస్పత్రిలో మెలకువ వచ్చినప్పటినుంచి వరహాలమ్మ చెయ్యి మెడ దగ్గరికే పోయేదట. అడిగితే వాడు, “ఇంటి దగ్గర భద్రంగా ఉంది పిన్నీ,” అని చెప్పి తప్పించుకున్నాడు. ఇంటికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టగానే ఆవిడ అడిగిన మొదటి మాట, “అమ్మ ఏదిరా?”

ఇక దాచలేక వాడు డబ్బీ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ప్లాస్టిక్ మీద వేలు తిప్పింది, జారిపోయింది. వెలుగులోకి ఎత్తి చూసింది. రింగు లేదు, పసుపు లేదు. వరహాలమ్మ గొంతులోంచి అలాంటి కేక రావడం నేను ఎన్నడూ వినలేదు.

“ఓరి నా తండ్రీ! అమ్మ మెడ కోసేశావుట్రా!”

వాడు ఏదో చెప్పబోయాడు. ఆ రింగు వల్ల నాణేనికి విలువ తగ్గుతుందనీ, అసలు రూపం రావాలంటే తియ్యక తప్పదనీ, రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. వరహాలమ్మ వినడం లేదు. మంచం పక్కనున్న తాంబూలం పళ్ళెంలోంచి అడకత్తెర తీసి, వక్కను పట్టినట్టు డబ్బీని దాని నోట్లో పెట్టి, కుట్లు నొప్పిపెడుతున్నా లెక్కచెయ్యకుండా, రెండు చేతులతో నొక్కింది. ఠప్పున పగిలింది. నాకు గాలి తగిలింది.

“అక్కా, ఊపిరాడక చచ్చావటే?” అని నన్ను చెంపకు ఆనించుకుంది. నా ఒళ్ళు తడిసిపోయింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, నన్ను అరచేతిలో పెట్టి వాడి ముందుకు చాపింది.

“నీకంత కావాలంటే తీసుకెళ్ళి పెట్టెలో పెట్టుకో. నేను అడ్డం రాను. కానీ ఇది ఎవరో నీ నోటితో ఒక్కసారి చెప్పి తీసుకెళ్ళు.”

“పిన్నీ...”

“చెప్పరా. బళ్ళో చెప్పావుగా.”

భావనారాయణ ముఖం తెల్లబోయింది. “నీకు... తెలుసా?”

“ఆ పూటే పక్కింటి పిల్ల పరిగెత్తుకొచ్చి చెప్పింది. ఊరంతా నవ్విందట. నేను నవ్వానా? అక్కని పట్టుకుని ఏడ్చాను. నీకు అవమానం జరిగిందని కాదురా వెర్రినాగన్నా. అంతమంది మధ్య లేచి నిలబడి, మా అమ్మ అని చెప్పుకున్నాడే నా కొడుకు అని, సంతోషం పట్టలేక ఏడ్చాను.”

ఆవిడ ఏడుస్తూ చెప్పుకున్నది నాతోనే కదా. నాకెలా తెలిసిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. భావనారాయణ నిలబడ్డచోటే కూలబడ్డాడు. అంత పెద్ద పంతులు, తల నెరిసినవాడు, పిన్ని మోకాళ్ళ మీద తల పెట్టుకుని భోరుమన్నాడు. ఆవిడ వాడి తల నిమురుతూ, “సరేలే, సరేలే, అన్నం తిన్నావా?” అంది.

మర్నాడు పొద్దున్నే వాడు నన్ను తీసుకుని మళ్ళీ కాకినాడ వెళ్ళాడు. ఈసారి జేబులో వేసుకోలేదు, గుప్పిట్లో పట్టుకున్నాడు. తొడుగుల్లేవు. బస్సు కుదుపులకు వాడి బొటనవేలు నా ముఖం మీది పల్లంలోకి జారింది. తియ్యలేదు.

నాగలింగాచారి నన్ను చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు. “ఏంటి మాస్టారూ, మొన్న వద్దని కోయించారు, ఇవాళ అతకమంటున్నారు! సర్లెండి. ముందువైపు ఏదుండాలండీ? రాజుగారి బొమ్మా, ఈ పువ్వు బొమ్మా?”

కొట్లో బేరాలాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. భావనారాయణ బల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

“రాజు కాదండీ. మా అమ్మ.”

ఆచారి చూశాడు, పక్కవాళ్ళు చూశారు. కత్తి, గుర్రం, కిరీటం. ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత కొట్టంతా నవ్వింది. వాడు మాత్రం కూర్చోలేదు, తల దించుకోలేదు.

“నవ్వండి, పర్వాలేదు. నవ్వడం అయ్యాక గట్టిగా అతకండి ఆచారీ. మళ్ళీ ఊడకూడదు,” అన్నాడు.

మంట మళ్ళీ తగిలింది. ఈసారి నేను కుయ్యోమనలేదు.

ఇదండీ నేను పాడైన కథ. ఇప్పుడు నా నెత్తిన ఒక రింగు, దాని పక్కన పాత కోత మచ్చ. ముఖం లేదు, ఒళ్ళంతా పసుపు. నాణేలవాళ్ళు ఎవరైనా ఇంటికి వస్తే భావనారాయణ పెట్టె తీసి చూపిస్తాడు. నడిమధ్య గుంట ఖాళీగా ఉందేమని అడిగితే, “అది వంటింట్లో పోపు పెడుతోందండీ, ఉండండి పిలుస్తాను,” అంటాడు. వచ్చినవాళ్ళు తికమకపడతారు. శుక్రవారం నాడు వాడు తలస్నానం చేసి వచ్చి పిన్ని ముందు కూర్చుంటాడు. మూతికి పసుపు అంటుకుంటే తుడుచుకోకుండా అలాగే కాలేజీకి పోతాడు.

ఒక మనిషిని చెర విడిపించడానికని నన్ను పుట్టించారు. ఆ రాజు విషయంలో నా పుట్టుక దండగే. అయితేనేం, నవ్విన తరగతి గదిలో తల వంచుకుని ఆగిపోయిన ఒక పిల్లవాణ్ణి బయటికి తెచ్చాను. తెచ్చింది వరహాలమ్మే, కాదనను, కానీ ఆవిడ చేతిలో ఉన్నది నేను. ఇప్పుడు ఫ్రాంక్ అని పిలవండి, పలుకుతాను. అచ్చియమ్మా అని పిలవండి, ముందు దానికే పలుకుతాను.

నా విలువ కట్టాలనుకునేవాళ్ళు భూతద్దాలు పట్టుకుని నిరభ్యంతరంగా రండి. వచ్చేముందు కాస్త కాళ్ళు కడుక్కుని రండి. ఇక్కడ పుణ్యస్త్రీ ఉంది.